బ్యాలెట్ మీద రైతు ప్రశ్న ఎక్కేదెప్పుడు?

ముషీరాబాద్‌లో మొన్న జరిగిన నెలవారీ సమావేశంలో మాలో మేమే గట్టిగా వాదించుకున్నాం. రీజినల్ రింగ్ రోడ్డు కింద భూములు పోతున్న ఊళ్ల నుంచి వచ్చిన సభ్యులు ఒక ప్రతిపాదన పెట్టారు. "వినతిపత్రాలు ఇచ్చి ఇచ్చి విసిగిపోయినం. వచ్చే ఎన్నికల్లో తలా ఒక నామినేషన్ ఏద్దాం. నిజామాబాద్ పసుపు రైతులు ఏసిన్రు, ఢిల్లీ దాకా ఇనబడ్డది" అన్నారు. చప్పట్లు కొట్టాం.

అప్పుడు తార్నాక వైపు నుంచి వచ్చిన ఒక విద్యార్థి లేచాడు. యూనివర్సిటీ క్యాంపస్‌లో చదువుకుంటున్నాడు, వాళ్లదీ పసుపు వేసే ఇల్లే. అతను అడిగింది ఒకటే మాట: "2019ల 178 మంది రైతులు నిలబడ్డరు గదా, 2024ల ఎటు పోయిన్రు? బాధ తీరిందా, ఓపిక తీరిందా?"

ఎవరమూ వెంటనే జవాబు చెప్పలేకపోయాం. ఆ జవాబు కోసమే ఈ వ్యాసం.

ముందు ఆ సంగతి గుర్తు చేసుకుందాం. 2019 ఏప్రిల్ 11న నిజామాబాద్ లోక్‌సభ స్థానానికి పోలింగ్ జరిగింది. బరిలో 185 మంది. అందులో 178 మంది రైతులు. పసుపుకు క్వింటాల్‌కు 15 వేలు, ఎర్రజొన్నకు 3,500 కావాలి, పసుపు బోర్డు కావాలి. ఇవీ వాళ్ల డిమాండ్లు. అంతకుముందు ఫిబ్రవరిలో ఆర్మూరు దగ్గర జాతీయ రహదారి మీద బైఠాయించారు, అరెస్టులయ్యారు. రోడ్డెక్కితే కేసులు పెడుతున్నారు కాబట్టి బ్యాలెట్టే ఎక్కుదామనుకున్నారు. ఒక్కో ఓటింగ్ యూనిట్ మీద 16 మీటలే పడతాయి. 185 మందికి, నోటాకు కలిపి ఒక్కో పోలింగ్ కేంద్రంలో 12 యూనిట్లు వరుసగా పేర్చాల్సి వచ్చింది. కళ్లద్దాలు ఇంట్లో మరిచిపోయిన ముసలాయన తన గుర్తు వెతుక్కోవడానికి ఎన్ని తిప్పలు పడి ఉంటాడో ఊహించుకోండి. అయినా దేశమంతా ఆ 12 పెట్టెల ఫొటో చూసింది. పసుపు రైతుకు ఒక బాధ ఉందని తెలిసింది.

ఆ పోరాటాన్ని తక్కువ చేసే ఉద్దేశం మాకు లేదు. రైతుల వెనక ఫలానా పార్టీ ఉందని అప్పట్లో ఆరోపణలు వచ్చాయి. ఎవరి వెనక ఎవరున్నా, లోక్‌సభకు డిపాజిట్ 25 వేలు. అందరూ పూర్తిగా కట్టారనుకుంటే 178 మందికి 44 లక్షల 50 వేలు. పోలై చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటకపోతే ఆ డబ్బు తిరిగి రాదు. ధర లేక పసుపును ఇంట్లో కుప్పపోసుకున్న రైతు జేబులోంచి అంత సొమ్ము పోయిందంటే సరదాకు పోలేదు.

ఇక 2024. నిజామాబాద్‌లో అభ్యర్థులు 29 మంది. అయితే తెలంగాణ మొత్తంగా చూస్తే అభ్యర్థులు తగ్గలేదు, పెరిగారు. 2019లో 17 స్థానాలకు 443 మంది పోటీ చేస్తే 2024లో 525 మంది చేశారు. 2019 లెక్కలోంచి నిజామాబాద్‌ను తీసేస్తే మిగతా 16 స్థానాల్లో 258 మందే. 2024లో అవే 16 స్థానాల్లో 496. మేం కూర్చున్న ముషీరాబాద్ సికింద్రాబాద్ లోక్‌సభ స్థానం కిందికి వస్తుంది. ఇక్కడ 45 మంది నిలబడ్డారు. రాష్ట్రంలో ఎక్కువ మంది పోటీ పడ్డ స్థానం అదే. పైపైన చూస్తే నిజామాబాద్ రైతు చల్లబడ్డాడనీ, హైదరాబాద్ నగరానికి కోపం వచ్చిందనీ రాసేయొచ్చు. టీవీల్లో అలాంటి విశ్లేషణలు చాలానే వస్తాయి. అది తప్పని మా అభిప్రాయం. ఎందుకో తెలియాలంటే నల్లగొండకు పోవాలి.

1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండలో 480 మంది పోటీ చేశారు. జిల్లా నీళ్లలో ఫ్లోరైడ్. పిల్లల పళ్లు గారబట్టాయి, పెద్దల ఎముకలు వంగిపోయాయి. కృష్ణా నీళ్లు పక్క నుంచే పారుతుంటే తాగడానికి విషపు బోరు నీళ్లు. దుశర్ల సత్యనారాయణ నాయకత్వాన జల సాధన సమితి పిలుపు ఇచ్చింది, జనం వందల్లో నామినేషన్లు వేశారు. గెలిచింది సీపీఐ నాయకుడు బొమ్మగాని ధర్మభిక్షం. 477 మందికి డిపాజిట్లు పోయాయి. అదే ఏడాది తమిళనాడు అసెంబ్లీ ఎన్నికల్లో మొదకురిచ్చిలో రైతుల నిరసన వల్ల అభ్యర్థులు 1,033 మంది అయ్యారు. కర్ణాటకలోని బెళగావి లోక్‌సభ స్థానంలో 456 మంది. మూడు రాష్ట్రాల్లో, ముందుగా మాట్లాడుకోకుండానే, జనానికి ఒకటే ఉపాయం తట్టింది.

ఢిల్లీకి కూడా ఒక ఉపాయం తట్టింది. అప్పటి దాకా లోక్‌సభ డిపాజిట్ 500 రూపాయలు. అదే ఏడాది ఆగస్టు నుంచి దాన్ని 10 వేలు చేశారు. స్వతంత్ర అభ్యర్థిని పది మంది ఓటర్లు ప్రతిపాదించాలన్నారు. గుర్తింపు ఉన్న పార్టీ అభ్యర్థికి మాత్రం ఒక్కరు చాలు. ఫలితం చూడండి. 1996లో దేశమంతటా లోక్‌సభ అభ్యర్థులు 13,952 మంది. రెండేళ్లు తిరక్కుండానే 1998లో 4,750 మంది. తర్వాత 2009లో చట్టాన్ని మళ్లీ సవరించి డిపాజిట్‌ను 25 వేలు చేశారు. నల్లగొండ 480 మందికి 1996లో అయిన డిపాజిట్ రెండు లక్షల 40 వేలు. ఇవాళ అంతమందీ నిలబడాలంటే కోటీ 20 లక్షలు కావాలి. ఎస్సీ, ఎస్టీలకు సగమే అయినా ఈ లెక్క పెద్దగా మారదు. 2024లో నల్లగొండలో పోటీ చేసింది 22 మంది.

1996కూ 1998కీ మధ్య దేశంలో తొమ్మిది వేల మంది బాధలు తీరలేదు. దర్వాజా ఎత్తు తగ్గించారు, తలలు తగిలాయి, జనం వెనక్కి తిరిగారు. అంతే. కాబట్టి ఒక ఎన్నికలకూ ఇంకో ఎన్నికలకూ మధ్య అంకె పెరిగిందా తగ్గిందా అని చూసే ముందు, ఆ రెండింటి మధ్య దర్వాజాకు ఏం జరిగిందో చూడాలి.

మన పిల్లలు వేల మంది ఉంటున్న అమెరికాలో ఇదే సంగతి ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడ చాలా రాష్ట్రాల్లో ఎన్నికల రోజున మనిషికి ఓటు వేయడంతో పాటు ప్రశ్నకు కూడా ఓటు వేస్తారు. ఫలానా పన్ను ఉండాలా వద్దా, ఫలానా చట్టం కావాలా అక్కర్లేదా అని బ్యాలెట్ మీద అచ్చు వేసి ఉంటుంది. అవును అంటే అవును, కాదంటే కాదు. ఇరవైకి పైగా రాష్ట్రాల్లో జనమే సంతకాలు సేకరించి ప్రశ్నను బ్యాలెట్ ఎక్కించవచ్చు. ఇలాంటి ప్రశ్నలు సరి సంవత్సరాల్లో దేశమంతా కలిపి నూటికి పైగా వస్తాయి, బేసి సంవత్సరాల్లో నలభై ప్రాంతానికి పడిపోతాయి. బేసి సంవత్సరాల్లో జనానికి ప్రశ్నలు తట్టవా? పెద్ద ఎన్నికలు సరి సంవత్సరాల్లో ఉంటాయి, ప్రశ్నలూ వాటితోనే వస్తాయి.

కాలిఫోర్నియా లెక్క ఇంకా విచిత్రం. అక్కడ ఒక చట్టాన్ని బ్యాలెట్ ఎక్కించాలంటే, అంతకుముందు గవర్నర్ ఎన్నికలో పోలైన ఓట్లలో 5 శాతం సంతకాలు తేవాలి. 2014లో గవర్నర్ ఎన్నికకు జనం పెద్దగా రాలేదు. దాంతో 3,65,880 సంతకాలు సరిపోయాయి. 2016 నవంబరులో బ్యాలెట్ మీద 17 ప్రశ్నలు వచ్చాయి. 2018లో జనం బాగా కదిలి ఓటు వేశారు. సంతకాల గీత 6,23,212కు లేచింది. 2020లో 12 ప్రశ్నలు, 2022లో ఏడే. జనం ఎక్కువగా ఓటు వేసినందుకు జనం ప్రశ్నలు తగ్గాయి! గీత ఎక్కడ గీస్తారనే దాన్ని బట్టి అంకె ఆడుతుందనడానికి ఇంతకన్నా సాక్ష్యం మాకు దొరకలేదు.

అమెరికా పద్ధతి స్వర్గమని చెప్పడం లేదు. సంతకాలు చేయించడానికి కూలి ఇచ్చి మనుషులను పెట్టుకుంటారు. 2020లో కాలిఫోర్నియాలో డ్రైవర్లను ఉద్యోగులుగా చూడనక్కర్లేదనే ప్రశ్నను గెలిపించుకోవడానికి ట్యాక్సీ యాప్ కంపెనీలు, డెలివరీ కంపెనీలు 20 కోట్ల డాలర్లకు పైగా ఖర్చు పెట్టాయి, గెలిచాయి. డబ్బున్నవాడికి ఆ దర్వాజా కూడా ఎత్తుగానే ఉంటుంది. అయినా అక్కడి రైతుకు ఉన్నది, మనకు లేనిది ఒకటి ఉంది. అక్కడ ప్రశ్న అచ్చవుతుంది.

నిజామాబాద్‌లో 178 పేర్లు అచ్చయ్యాయి. 178 గుర్తులు అచ్చయ్యాయి. 12 పెట్టెలు నిండాయి. కానీ 'పసుపుకు క్వింటాల్‌కు 15 వేల ధర ఇవ్వాలా?' అనే వాక్యం ఏ పెట్టె మీదా లేదు. ప్రశ్న లేనిచోట గెలిచినవాడు చెప్పిందే జవాబు అవుతుంది. గెలిచిన అభ్యర్థి బోర్డు తెస్తానని బాండ్ పేపర్ మీద రాసి ఇచ్చారు. ఐదు రోజుల్లో అన్న మాట ఐదేళ్లు దగ్గర పడ్డాక కదిలింది. 2023 అక్టోబరు 1న మహబూబ్‌నగర్ సభలో ప్రధాని ప్రకటించారు, మూడు రోజుల్లో నోటిఫికేషన్ వచ్చింది. 2025 జనవరి 14న, సంక్రాంతి నాడు, బోర్డు మొదలైంది. ప్రధాన కార్యాలయం నిజామాబాద్‌లోనే పెట్టారు. ఇది రైతులు సాధించిందే, సందేహం లేదు. ఆ 178 మంది లేకపోతే ఆ బోర్డు పలక అక్కడ వేలాడేది కాదు.

మరి ధర? కేంద్రం మద్దతు ధర ప్రకటించే 22 పంటల్లో పసుపు ఇవాళ్టికీ లేదు. మద్దతు ధర నిర్ణయించే అధికారం ఆ బోర్డుకు లేదు. 2024 సీజన్‌లో నిజామాబాద్ యార్డులో పసుపు 15 వేలు దాటి పలికింది నిజమే. అప్పటికి బోర్డు తలుపులే తెరవలేదు, సరుకు తక్కువై మార్కెట్ ఎగబాకింది. మార్కెట్ ఇచ్చినదాన్ని మార్కెట్టే గుంజుకుంటుంది. రైతులు రెండు అడిగారు. అందులో ఇవ్వడానికి సులువైనది పాలకులు ఏరుకొని ఇచ్చారు. ధర అనే ప్రశ్నే కాగితం మీద ఉండి, దానికి లక్షల ఓట్లు పడి ఉంటే ఇలా ఏరుకోవడం కుదిరేదా?

విద్యార్థి అడిగిన దానికి ఇదీ మా సగం జవాబు. 2024లో వాళ్లు ఎటూ పోలేదు. సగం గెలిచి, జేబులు ఖాళీ చేసుకుని, ఇళ్లలో ఉన్నారు. తొందరపడి దాన్ని తృప్తి అనకూడదు.

మిగతా సగం జవాబు చెప్పాలంటే ఒక మాట గురించి మాట్లాడాలి. ప్రజాభిప్రాయ సేకరణ. ఈ మాటను మన భాషలో రెండు పనులకు వాడుతున్నాం. 1967లో గోవా ప్రజలు మహారాష్ట్రలో కలవాలా వద్దా అని ఓటు వేసి తేల్చుకున్నారే, అది ప్రజాభిప్రాయ సేకరణ. మన ఊళ్లో ఫ్యాక్టరీకో గనికో షామియానా వేసి, అధికారులు కూర్చుని, నలుగురిని మాట్లాడమని, సంతకాలు తీసుకుని వెళ్లిపోతారే, దాన్నీ ప్రజాభిప్రాయ సేకరణే అంటున్నాం. మొదటి దాంట్లో తలలు లెక్కపెట్టారు, ఆ లెక్కకు కట్టుబడ్డారు. రెండో దాంట్లో అభిప్రాయాన్ని సేకరిస్తారు. ధాన్యమైతే సేకరించాక రసీదైనా ఇస్తారు, అభిప్రాయానికి అదీ లేదు. ఎంతమంది వద్దన్నారో రాయరు. రాసినా దానికి కట్టుబడాలని లేదు. చెప్పింది వినరని జనానికి ముందే తెలిసిన చోట షామియానా కింద నిప్పు రాజుకుంటుంది. 2024 నవంబరు 11న వికారాబాద్ జిల్లా లగచర్ల విషయంలో జరిగింది అదే. అధికారుల మీద చెయ్యి ఎత్తడాన్ని మేం సమర్థించం. ఆ తర్వాత రైతులు జైళ్లలో మగ్గడాన్నీ సమర్థించం. ఒక్క బ్యాలెట్ పెట్టె పెట్టి ఉంటే ఆ రెండూ తప్పేవి.

పెట్టె పెడితే ఏం జరుగుతుందో మనకు పొరుగునే ఉదాహరణ ఉంది. మన పార్వతీపురం మన్యం సరిహద్దు దాటితే ఒడిశా రాయగడ జిల్లా. అక్కడా, పక్కనున్న కలహండి జిల్లాలోనూ విస్తరించిన నియమగిరి కొండల్లో బాక్సైట్ తవ్వాలా వద్దా అన్నది గ్రామసభలే తేల్చాలని 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు చెప్పింది. జిల్లా జడ్జి పరిశీలకుడిగా ఉండగా 12 పల్లెల్లో సభలు జరిగాయి. పన్నెండుకు పన్నెండూ వద్దన్నాయి. కొండ మిగిలింది. ఏ ఎంపీ ఎన్నికలోనూ ఎవరూ వందల నామినేషన్లు వేయనక్కర్లేకపోయింది.

2013 భూసేకరణ చట్టంలో దీనికి కొంత దారి ఉంది. ప్రైవేటు కంపెనీ కోసమైతే భూములు పోయే కుటుంబాల్లో 80 శాతం, ప్రభుత్వ ప్రైవేటు భాగస్వామ్యమైతే 70 శాతం ముందుగా ఒప్పుకోవాలి. ఇది ఓటు కిందే లెక్క. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గ్రామసభ సమ్మతి ఉండాలి. కానీ ఈ దర్వాజాను కూడా ఒక్కో చెక్కా కొట్టి కిందికి దించుతూనే ఉన్నారు. ప్రభుత్వమే తన అవసరానికి తీసుకుంటున్నానంటే ఆ శాతాలు లేవు. జాతీయ రహదారుల చట్టం 1956 కింద తీసుకుంటే అసలే లేవు, పరిహారం లెక్క మాత్రం 2013 చట్టం ప్రకారం కడతారు. రింగ్ రోడ్డు రైతు చిక్కుకున్నది ఈ సందులోనే. దానికి తోడు తెలంగాణలో 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబరు దాకా సర్పంచులే లేరు, ఊళ్లు ప్రత్యేకాధికారుల చేతుల్లో నడిచాయి. భూముల సర్వేలు ముమ్మరంగా సాగిన కాలంలో ఊరి తరఫున సభ పెట్టి తీర్మానం చేయాల్సిన మనిషే లేడు.

అందుకే ఆ రైతులు హైదరాబాద్ దారి పట్టారు. 2025 నవంబరు 11న జూబ్లీహిల్స్ ఉప ఎన్నిక. అదీ ఈ సికింద్రాబాద్ లోక్‌సభ పరిధిలోదే. రింగ్ రోడ్డు బాధితులు, ఫార్మా సిటీ భూ బాధితులు, నిరుద్యోగులు, ఇంకా ఎందరెందరో నామినేషన్లకు వరుస కట్టారు. మొత్తం 211 మంది వేశారు. పరిశీలనలో 81 మంది మిగిలారు. ఉపసంహరణల తర్వాత 58 మంది. నోటాతో కలిపి నాలుగు యూనిట్లు పెట్టాల్సి వచ్చింది. అసెంబ్లీకి రాష్ట్రంలో ఎక్కడి ఓటరైనా పోటీ చేయవచ్చు, కానీ ప్రతిపాదించే పది మందీ ఆ నియోజకవర్గపు ఓటర్లే అయి ఉండాలి. చౌటుప్పల్ దిక్కు నుంచి బస్సు దిగిన రైతు జూబ్లీహిల్స్‌లో ఏ తలుపు తట్టి పది సంతకాలు అడగాలి? 2019లో నిజామాబాద్ రైతులు వారణాసి దాకా పోయి ప్రధాని మీద నామినేషన్లు వేసినప్పుడు కూడా పరిశీలనలో చాలావరకు తిరస్కరించారు. బాధ ఎంత పెద్దదైనా కాగితంలో ఒక్క గడి ఖాళీగా ఉంటే చాలు.

ఇంతకీ వంద నామినేషన్ల ప్రతిపాదన మీద మేం ఏమంటున్నాం? వద్దనే అంటున్నాం. సమావేశంలో ఇది అందరికీ నచ్చలేదు, ఇప్పటికీ కొందరు ఒప్పుకోవడం లేదు. వాళ్ల వాదనలోనూ బలం ఉంది. ఫొటో పడకపోతే మన మొహం ఎవరూ చూడరన్నది నిజం. కానీ 12 పెట్టెల ఫొటో ఒకసారే వార్త. రెండోసారి అది అధికారులకు తలనొప్పి, మూడోసారి డిపాజిట్ పెంచడానికి సాకు. 1996 మనకు నేర్పింది అదే. వంద మందికి అసెంబ్లీ డిపాజిట్ పది వేల చొప్పున పది లక్షలు. ఆ పది లక్షలు ఊళ్లలో ఖర్చు పెడదామని మా మాట.

ఎలాగంటే, సర్పంచులు ఇప్పుడు ఉన్నారు. రింగ్ రోడ్డు అలైన్‌మెంట్ పోయే ప్రతి ఊళ్లో గ్రామసభ పెట్టించాలి. 'ఈ అలైన్‌మెంట్‌కు మన ఊరి భూమి ఇవ్వడానికి సమ్మతమా?' అని ఒక్క వాక్యం రాయించాలి. చేతులెత్తే ఓటు వద్దు, ఎవరు చెయ్యెత్తారో ఊళ్లో పెద్దలకు కనబడుతుంది. చీటీలు వేయించాలి. పట్టాదారుతో పాటు కౌలు రైతు చీటీ, కూలి చీటీ, ఇంటి ఆడమనిషి చీటీ కూడా పడాలి. పట్టా లేదన్న పేరుతో వాళ్లను పక్కన పెడితే మనం చేసేదీ ఇంకో షామియానానే అవుతుంది. అవునన్నవి ఎన్ని, కాదన్నవి ఎన్ని అని అందరి ముందు లెక్కపెట్టి మినిట్స్ పుస్తకంలో ఎక్కించాలి. పరిహారం పెంచితే ఇస్తామనే వాళ్లు కొన్ని ఊళ్లలో ఎక్కువే ఉండొచ్చు. ఆ అంకె కూడా దాచకుండా రాయాలి.

చట్టం దృష్టిలో ఈ ఓటుకు విలువ లేదంటారు. నిజమే, రహదారి చట్టం ముందు లేదు. ఆ విలువ ఇవ్వాలన్నదే మన డిమాండు కావాలి. ఏ చట్టం కింద భూమి తీసుకున్నా 2013 చట్టంలోని సమ్మతి శాతం వర్తించాలి, ఆ సమ్మతిని చీటీల ఓటుతో తేల్చాలి. వచ్చే ఎన్నికల్లో ఓట్లడిగే ప్రతి అభ్యర్థినీ ఈ ఒక్కదాని మీదే నిలదీయాలి. పేర్లు వాళ్లవే అచ్చు వేసుకోనీ, ప్రశ్న మనది ఉండనీ.

వచ్చే సమావేశం కూడా ముషీరాబాద్‌లోనే. వచ్చేవాళ్లు తమ ఊరి గ్రామసభ తీర్మానం నకలు, పడ్డ చీటీల లెక్క తీసుకుని రండి. నకలు ఇవ్వనంటే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి, ఆ దరఖాస్తు రసీదైనా పట్టుకు రండి. ఆ విద్యార్థి ఊరూరి లెక్కలన్నీ ఒక పట్టికగా రాసి పెడతానన్నాడు.